నెల్లూరు శివార్లలో అద్దె ఇల్లు వెతుకుతున్నారా? ముందు నీళ్ల సంగతి చూడండి

నెల్లూరులో ఇల్లు చూడటానికి మంచి నెల ఏదని ఎవరైనా అడిగితే నవంబరు అంటాను. హైదరాబాదులో వానలు తగ్గి గొడుగులు అటకెక్కే వేళకు ఇక్కడ అసలు వానలు మొదలవుతాయి. ఏడాదంతా పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం లేచిందంటే రెండు మూడు రోజులు సూర్యుడి ముఖం కనిపించదు. కానీ బదిలీలు, బడుల చేరికలు మే, జూన్‌లలో వస్తాయి. అప్పుడు ప్రతి వీధీ చదునుగా, ప్రతి గోడా పొడిగా ఉంటుంది. మేలో ఇల్లు చూసి దాని నవంబరును పసిగట్టడమే ఇక్కడ ఇల్లు వెతకడంలోని పనితనం.

నెల్లూరులో గానీ, పొరుగున ఒంగోలులో గానీ ఊరి నడిబొడ్డు వదిలి శివారు కాలనీల్లో అద్దెకు దిగి స్థిరపడాలనుకునే కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. కొనాలనుకునే వాళ్లకు నా సలహా ఒకటే: ముందు అదే కాలనీలో అద్దెకు దిగండి, ఒక వానాకాలం చూడండి, తర్వాత కొనండి. మీకు కావలసిన మాటలు కొన్ని చివర్లో ఉన్నాయి.

మొదట దారి, తర్వాత ఇల్లు

టు-లెట్ బోర్డుల వెంట పడకముందు ఒక కాగితం మీద మీ ఇంటివాళ్లు రోజూ వెళ్లే చోట్లు రాసుకోండి. కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగమైతే ముత్తుకూరు రోడ్డు వైపు చూడటం సహజం. చింతారెడ్డిపాళెంలో మెడికల్ కాలేజీ అయితే హైవే పక్క కాలనీలు నయం. ఇంట్లో పెద్దవాళ్లకు తరచూ డాక్టరు అవసరం పడుతుంటే పొగతోటకు ఎంతసేపట్లో చేరతారో లెక్క వేసుకోండి, ఊళ్లో ఆసుపత్రులు ఎక్కువగా అక్కడే ఉన్నాయి.

ఆ తర్వాత ఆ దారుల్లో రైలు కట్ట ఎక్కడ అడ్డం వస్తుందో చూడండి. చెన్నై–విజయవాడ లైను ఊరిని నిలువుగా చీల్చుకుంటూ పోతుంది. మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు దగ్గర అండర్ బ్రిడ్జిల కింద నుంచి దాటాలి. గట్టి వాన పడితే వీటిలో నీళ్లు నిలుస్తాయి, బళ్లు ఆగిపోతాయి. కాబట్టి మీరు చూస్తున్న కాలనీ నుంచి బడికి గానీ ఆఫీసుకు గానీ వెళ్లాలంటే అండర్ బ్రిడ్జి ఒక్కటే దారా, ఫ్లైఓవరు మీదుగా చుట్టు తిరిగి వెళ్లే వీలుందా అన్నది అద్దె ఎంతో అడగకముందే తేల్చుకోవాలి. ఉదయం బడి బస్సులు తిరిగే వేళకు ఒకసారి ఆ దారిలో బండి మీద వెళ్లి రండి. ఆదివారం మధ్యాహ్నం వెళ్లి చూస్తే పది నిమిషాల్లో చేరతారు, సోమవారం ఆ పది నిమిషాలు మీకు దొరకవు.

పెన్నా అవతల కోవూరు, పడుగుపాడు వైపు చూసేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2021 నవంబరులో పెన్నాకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి మీద కూడా రాకపోకలు ఆగాయి. ఇలాంటిది ఏటా జరగదు. అయినా రోజూ నది దాటి వచ్చే ఉద్యోగమైతే వానాకాలంలో ఒకటి రెండు రోజులు ఇటువైపు తలదాచుకోవడానికి చుట్టాల ఇల్లో స్నేహితుల ఇల్లో ఉండటం మంచిది.

స్వర్ణాల చెరువు, దర్గామిట్ట చుట్టుపక్కల చూసేవాళ్లకు ఇంకో మాట. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. ఆ కొద్ది రోజులు వాహనాలను దారి మళ్లిస్తారు, మీ వీధి చివర బారికేడ్లు పెడతారు. ఆ సందడి ఇష్టమైన వాళ్లకు అంతకంటే మంచి చోటు లేదు.

నీళ్లు ఎటు పోతాయి?

ఈ ప్రశ్నకు సమాధానం ఇంటి ఓనరు చెప్పడు, బ్రోకరు అసలే చెప్పడు. వీధి మొదట్లో ఇస్త్రీ బండి ఆయన్ని, చిల్లర కొట్టు ఆవిడను, పాలు పోసే అతన్ని అడగండి. అడిగే తీరు కూడా ముఖ్యం. "ఇక్కడ నీళ్లు వస్తాయా?" అంటే "అబ్బే, ఏం రావు" అనేస్తారు. అదే "అక్కా, కిందటి తుపానుకు నీళ్లు మీ కొట్టు మెట్ల దాకా వచ్చాయా, లోపలికే వచ్చాయా?" అని అడిగితే లెక్క సరిగ్గా చెబుతారు. "మెట్ల దాకానే, కానీ ఆ మూలన పచ్చ గేటు ఇంట్లోకి మోకాళ్ల దాకా వచ్చాయి" అన్నదాకా వస్తుంది మాట. ఒక్కోసారి ఆ పచ్చ గేటు ఇల్లే మీరు చూడటానికి వచ్చిన ఇల్లు అవుతుంది.

మాటల మీద నమ్మకం లేకపోతే కళ్లతో చూడండి. ప్రహరీ గోడ మీద నేల నుంచి ఒకే ఎత్తులో అడ్డంగా మట్టి చార ఉందా? కొత్తగా రంగు వేసి ఉంటే పక్కింటి గోడ చూడండి, ఆయనకు మీ దగ్గర దాచాల్సిన పని లేదు. పక్క ఇళ్లలో నీళ్ల మోటార్లు నేల మీద ఉన్నాయా, ఇటుకలతో దిమ్మె కట్టి దాని మీద ఎక్కించారా? దిమ్మె కట్టారంటే ఒకసారి మోటారు కాలిపోయిందని అర్థం. కరెంటు మీటరు తల ఎత్తి చూడాల్సినంత పైన బిగించి ఉన్నా, వరండాలో వాషింగ్ మెషీను సిమెంటు దిమ్మె మీద కూర్చున్నా అదే కథ.

ఇంటి ముందు రోడ్డు ఎత్తు కూడా చూసుకోవాలి. పాత కాలనీల్లో మట్టి రోడ్డు మీద కంకర, దాని మీద సిమెంటు రోడ్డు, కొన్నేళ్లకు దాని మీద ఇంకో పొర వేస్తూ పోతారు. ఇల్లు మాత్రం కట్టిన చోటే ఉంటుంది. వీధిలోంచి ఇంట్లోకి మెట్లు ఎక్కి వెళ్లాలి. గేటు దాటగానే ఒక మెట్టు దిగాల్సి వస్తే, ఆ ఇంటి హాలు ఎంత బాగున్నా నమస్కారం పెట్టి వెనక్కి వచ్చేయండి.

తర్వాత అడగాల్సింది: "ఈ లేఅవుట్ వేయకముందు ఇక్కడ ఏముండేది?" నెల్లూరు చుట్టూ శివారు కాలనీల్లో చాలా వరకు ఒకప్పటి వరి మడులే. మాగాణి అని చెబితే, ఏ చెరువు కిందిదో, ఏ కాలువ కిందిదో కూడా అడగండి. చెరువు నిండితే కలుజు, అంటే అదనపు నీరు పొర్లే చోటు, పారి ఆ నీళ్లు ఏదో ఒక దారిన పోవాలి. ఆ దారిలో ఇళ్లు లేచినా నీళ్లకు పాత దారే తెలుసు. సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ ఊరి మధ్యలోంచే పోతాయి. కాలువ గట్టు వెంబడి ఇల్లయితే చల్లగా ఉంటుందని అంటారు, నిజమే. గట్టు ఎంత ఎత్తులో ఉంది, కాలువలో గుర్రపు డెక్క ఎంత పేరుకుంది, మీ వీధి మురుగు ఆ కాలువలోకే పోతోందా అన్నవి చూసి అప్పుడు చల్లదనం సంగతి ఆలోచించండి. మెట్ట భూమిలో వేసిన లేఅవుట్ అయితే ఈ బెంగ తక్కువ, కానీ బోరు లోతుకు పోవాల్సి రావచ్చు.

నీళ్లు ఎటు నుంచి వస్తాయి?

శివార్లలో చాలా ఇళ్లు బోరు మీదే నడుస్తాయి. కుళాయి కనెక్షన్ ఉందంటే సంతోషం, కానీ కాగితం మీద ఉందా, నీళ్లు కూడా వస్తున్నాయా అన్నది పొరుగింట్లో తేల్చుకోండి. వస్తే ఏ వేళకు వస్తాయి, ఎంతసేపు వస్తాయి, సంపులోకి దిగుతాయా లేక మోటారు పెట్టి లాగాలా అన్నదీ అడగండి.

బోరు నీళ్ల గుణం తెలుసుకోవడానికి వంటింట్లోకి వెళ్లండి. కుళాయి చుట్టూ, స్నానాల గదిలో టైల్స్ మీద తెల్లటి పెచ్చు కట్టి ఉంటే కఠిన జలం. సబ్బుతో చేతులు కడిగి చూడండి, నురగ రాకుండా తెట్టులా విరిగిపోతే అదే జవాబు. సముద్రం వైపు వెళ్లేకొద్దీ నీళ్లు ఉప్పదేలే అవకాశం ఎక్కువ. నీళ్లలో కరిగిన లవణాలను చూపించే టీడీఎస్ మీటరు ఆన్‌లైన్లో చవకగానే దొరుకుతుంది, ఒకటి కొని జేబులో వేసుకుంటే ఇల్లు వెతికే రోజుల్లో దాని ఖర్చు తిరిగొస్తుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. అంకె వెయ్యి దాటితే తాగడానికి క్యాన్ నీళ్లో, ఇంట్లో శుద్ధి యంత్రమో తప్పదు, గీజరు కాయిల్ కూడా త్వరగా పెచ్చు కడుతుంది. ఆ ఖర్చును అద్దెలో కలిపి చూసుకోండి. మీటరు చెప్పలేని సంగతులూ ఉన్నాయి. ఫ్లోరైడు ఎంతో తెలియాలంటే నీళ్లను ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో ఇది ఎన్నో ఏళ్ల సమస్య, అటువైపు ఇల్లు చూసేవాళ్లు దీన్ని వాయిదా వేయకూడదు.

ఒంగోలులో వెతికేవాళ్లు ప్రశ్న కాస్త మార్చి అడగాలి. అక్కడి కుళాయి నీళ్లు సాగర్ కుడి కాలువ నుంచి నిల్వ చెరువుల్లోకి వచ్చి, అక్కడి నుంచి ఊరికి అందుతాయి. కాబట్టి "ఎన్ని రోజులకు ఒకసారి వదులుతారు? వేసవిలో ఎన్ని రోజులకు?" అని రెండూ అడగండి. ఆ జవాబును బట్టి సంపు ఎంత పెద్దది కావాలో మీరే తేల్చుకోవచ్చు.

ఇంట్లోకి అడుగు పెట్టాక

మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్లండి. పడమటి గోడ మీద లోపలి వైపు అరచేయి పెట్టి చూడండి. ఆ గదిలోనే పిల్లలు పడుకోవాలంటే మేలో వచ్చే కరెంటు బిల్లు కళ్లముందు కనబడుతుంది. పై అంతస్తు అయితే డాబా మీద తెల్లటి కూల్ పెయింట్ వేయించడానికి ఓనరు ఒప్పుకుంటారేమో అడగండి, పెద్ద ఖర్చు కాదు.

కిటికీలకు దోమల మెష్ ఉందో లేదో చూడండి. నెల్లూరు దోమలకు ఉన్న పేరు ఊరికే రాలేదు. ఇంటి పక్క ఖాళీ స్థలంలో చిల్లకంప పెరిగి, మురుగు నిలిచి ఉంటే సాయంత్రం ఆరు తర్వాత తలుపు తీయడం మరిచిపోండి. ఆ కంపలోంచి పాములు కూడా వస్తాయి, ముఖ్యంగా వాన పడి పుట్టల్లోకి నీళ్లు చేరినప్పుడు. స్థలం ఎవరిదో కనుక్కుని శుభ్రం చేయించడం ఓనరు బాధ్యత అని చేరకముందే చెప్పించుకోండి. చేరాక ఎవరూ పట్టించుకోరు.

మరుగుదొడ్డి గుంత, అంటే సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో, బోరుకు ఎంత దూరంలో ఉందో చూడండి. రెండూ ఒకే మూలన పక్కపక్కనే ఉన్న ఇళ్లు నేను చూశాను, కొత్త టైల్స్ వేసి ముచ్చటగా ముస్తాబు చేసినవే అవి.

కరెంటు మీటరు మీ వాటాకు విడిగా ఉండాలి. ఎక్కువ వాడేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబుల పద్ధతి మనది. రెండు కుటుంబాలకు ఒకే మీటరు ఉంటే ఇద్దరూ కలిసి పై శ్లాబులోకి ఎక్కుతారు, సబ్ మీటరు పెట్టి సగం సగం పంచుకున్నా ఆ భారం తగ్గదు. పాత బిల్లు ఒకటి చూపించమని అడిగి సర్వీసు నంబరు రాసుకోండి, బకాయి ఉందేమో ఫోన్లోనే చూసుకోవచ్చు.

ఓనరుతో మాట

అద్దె బేరానికి కూడా కాలం ఉంది. ఆషాఢంలో, పుష్యంలో, మూఢం ఉన్న రోజుల్లో ఎవరూ కొత్త ఇంట్లోకి దిగరు. ఖాళీగా ఉన్న ఇంటికి ఆ నెలల్లో అద్దె రాదు కాబట్టి మెత్తబడతారు. మీకు పట్టింపు లేకపోతే అప్పుడే దిగండి. పట్టింపు ఉంటే ఆ నెలలో మాట ఖాయం చేసుకుని, కొద్దిపాటి బయానా ఇచ్చి, శ్రావణంలో పాలు పొంగించుకోండి.

"మీరేమిట్లు?" అని, అంటే ఏ కులమని అడుగుతారు. మాంసం వండుతారా, ఎంతమంది ఉంటారు, చుట్టాలు ఎక్కువగా వస్తారా అని కూడా అడుగుతారు. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన పని లేదని నా అభిప్రాయం. నవ్వి, ఉద్యోగం సంగతి చెప్పి మాట మార్చవచ్చు. తిండి సంగతి మాత్రం దాచకండి. చేపల పులుసు వాసన పక్క వీధిదాకా చెబుతుంది, దాని మీద మొదటి నెలలోనే పేచీ పెట్టుకోవడం ఎందుకు?

బ్రోకరు ద్వారా వెళితే ఎంత ఇవ్వాలో ఇల్లు చూడకముందే మాట్లాడుకోండి. ఆఫీసులో ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు తీసుకునేవాళ్లు ఇంకొకటి అడగాలి: ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. మార్చిలో అడిగితే ముఖం చిట్లిస్తారు. చేరకముందు అడిగితే ఒప్పుకుంటారు, లేదా ఒప్పుకోరని ముందే తెలుస్తుంది.

ఒప్పంద పత్రం

ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది, కానీ ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణ తర్వాత ఎంత కాలానికి రాసుకున్న లీజునైనా రిజిస్టర్ చేయించాలి. అయినా పాత అలవాటు కొద్దీ ఊరంతా 11 నెలల ఒప్పందాలు రాసుకుంటారు. స్టాంపు వెండరు దగ్గర ఒకటే నమూనా అందరికీ టైపు చేసి ఇస్తారు, పేర్లు మాత్రం మారతాయి. దాని మీద సంతకం పెట్టకముందు ఈ నాలుగు సంగతులు చేతితోనైనా రాయించండి: అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు; రంగుల ఖర్చు పేరిట ఎంత పట్టుకుంటారు; మోటారు కాలినా, బోరు ఎండినా, సెప్టిక్ ట్యాంకు నిండినా డబ్బు ఎవరు పెడతారు; ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి. వీటిలో మూడోదే ఎక్కువ తగువులు పెడుతుంది.

తాళాలు తీసుకున్న రోజే ఖాళీ ఇంటిని ఫోన్లో వీడియో తీయండి. గోడల పగుళ్లు, విరిగిన గడియలు, మీటరు రీడింగు, ఫ్యాన్ల లెక్క అన్నీ రావాలి. దాన్ని అప్పుడే ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. అడ్వాన్సు వెనక్కి అడిగేనాటికి అది ఒక్కటే సాక్ష్యం.

దిగాక

పాలు పొంగించిన రోజు చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి పిలవండి. రాకపోయినా ఫరవాలేదు, పిలిచారన్న మాట మిగులుతుంది. ఎదురింటి పెద్దావిడను "పిన్నిగారూ" అని పలకరిస్తే పని మనిషి ఎవరు, గ్యాసు బండి ఏ రోజు వస్తుంది, చెత్త బండి ఎన్నింటికి వస్తుంది, చేపలమ్మ ఏ వారాల్లో వస్తుంది అన్నవన్నీ ఒక్క పూటలో తెలిసిపోతాయి. కాలనీ సంఘానికి వాట్సాప్ గ్రూపు ఉంటే చేరండి, కానీ మొదటి నెల చదవడమే మంచిది. రోడ్డు మీద కారు పెట్టే చోటు గురించి అందులో అప్పటికే నడుస్తున్న పాత యుద్ధం ఏదో ఉంటుంది.

వినాయక చవితి చందాకు కుర్రాళ్లు వస్తే బేరం ఆడకండి. వీధిలో నీళ్లు నిలిచిన రాత్రి మీ బండిని మెరక మీదికి తోసేది వాళ్లే.

కాగితాల పనులు త్వరగా ముగించండి. ఓటు బదిలీకి ఫారం 8 ఆన్‌లైన్లో నింపవచ్చు. రేషన్ కార్డు, పింఛను సంగతులు మీ పరిధిలోని సచివాలయంలో కనుక్కోండి. కరెంటు ఫిర్యాదులకు నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా 1912కే ఫోను చేయాలి, నెల్లూరు ఎస్పీడీసీఎల్, ఒంగోలు సీపీడీసీఎల్ అనే వేర్వేరు కరెంటు కంపెనీల కింద ఉన్నా.

అక్టోబరు రాకముందు ఒక ఆదివారం డాబా ఎక్కి వాన గొట్టాల్లో ఆకులు తీయించండి. ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు చూసుకోండి. తుపాను హెచ్చరిక వస్తే ముందు ఓవర్‌హెడ్ ట్యాంకు నింపుకోవాలి. చాలామంది కూరగాయల కోసం పరిగెత్తుతారు, కరెంటు పోయాక మోటారు తిరగదన్న సంగతి తర్వాత గుర్తొస్తుంది.

కొనాలనుకుంటే

ఇక్కడ స్థలాన్ని అంకణాల్లో చెబుతారు. అంకణానికి 72 చదరపు అడుగులు లెక్కించే చోట్లున్నాయి, 36 లెక్కించే చోట్లూ ఉన్నాయి. కాబట్టి ధర ఎప్పుడూ గజాల్లోకి మార్చి చెప్పమనండి. సెంటు అంటే 48.4 గజాలు, అందులో తేడా లేదు.

లేఅవుట్‌కు నుడా, అంటే నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి ఉందా, ఒంగోలు వైపైతే అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి ఉందా అని ఎల్పీ (లేఅవుట్ పర్మిట్) నంబరుతో సహా అడగండి. "నుడా వాళ్లకు అప్లై చేశాం" అంటే అనుమతి లేదని అర్థం. 500 చదరపు మీటర్లు మించిన లేఅవుట్ ప్లాట్లు అమ్మాలంటే 2016 నాటి చట్టం ప్రకారం రెరాలో, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థలో నమోదు కావాలి, ఆ నంబరు కూడా తీసుకుని సైట్‌లో సరిచూడండి. సర్వే నంబరును నిషేధిత భూముల 22-ఏ జాబితాలో వెతకండి. ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే పత్రం, ఆన్‌లైన్లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి తీయించాలి. లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే స్థలం చేతులు మారిన పాత దస్తావేజులన్నీ, వకీలుకు చూపించండి. రెవెన్యూ పటంలో ఆ సర్వే నంబరు పక్కన వాగు పోరంబోకు, చెరువు పోరంబోకు అని ఏమైనా ఉందేమో సర్వేయరుతో చూపించుకోండి.

ఇక మీరు అద్దెకు ఉన్న ఆ ఏడాది నవంబరులో, వాన వెలిసిన మర్నాడు తెల్లవారే ఆ ప్లాటు దగ్గరకు వెళ్లి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి, తేదీ కనబడేట్టు. నీళ్లు నిలిచి ఉంటే ఎన్ని రోజులకు ఇంకాయో మళ్లీ వెళ్లి చూడండి. మార్చిలో బేరానికి కూర్చున్నప్పుడు "మెరక స్థలం సార్" అని అమ్మేవాళ్లు అంటారు, ఆ ఫోటోలు అప్పుడు బల్ల మీద పెట్టండి. మెరక చేయడానికి ఎన్ని ట్రిప్పుల గ్రావెల్ పడుతుందో మేస్త్రీ చేత ముందే లెక్క కట్టించి, ఆ డబ్బు ధరలోంచి తగ్గించమని అడగవచ్చు.